పూస తీసి వినండి

1. శుద్ధ విదియ

పొద్దున లేవగానే నేను చేసే మొదటి పని అద్దం తుడుచుకోవడం. సముద్రపు గాలి గోడ సందుల్లోంచి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి, తెల్లారేసరికి దేని మీద చూసినా ఉప్పు పొరే. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి కళ్లకు పెట్టుకుంటే తప్ప పక్కింటివాళ్ల పలకరింపు కూడా నాకు అందదు. ఎవరు మాట్లాడినా ఆ మాటలు అద్దం అడుగున అక్షరాలై కదులుతాయి. ఆరేళ్లప్పుడు జ్వరం వచ్చి నా ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మోత అందుతుంది గానీ మాట అందదు.

ఈ దినచర్య రాయమన్నది హైమవతి మేడం. మాటగదిలో స్పీచ్ థెరపీ నేర్చుకునేవాళ్లందరూ శిక్షణ ఆఖర్లో రాయాలట. "జరిగింది రాయి తబితా, జరిగితే బాగుండేది కాదు" అన్నారు.

ఉతికిన బట్టలు గోడ నెత్తి మీదికి మోసుకెళ్లాను. సముద్రం వైపు ఆరేస్తే మళ్లీ ఉప్పు పడుతుంది. అందుకే పొలాల వైపు తీగల కోసం అందరం తోసుకుంటాం. పైన నిలబడితే ఒక పక్క నీళ్లు దగ్గరగా, రెండో పక్క వరిచేలు ఎక్కడో కింద కనిపిస్తాయి. రెంటికీ మధ్య, గోడ పొట్టలోనే మా గోడవూరు. ఇళ్లు, బడి, ఆసుపత్రి అన్నీ అందులోనే. పంపులు ఆగితే చేలు మునుగుతాయి. సముద్రం బాగా వెనక్కి తగ్గే ఆటు వేళ మాత్రం తూములు ఎత్తి నీటిని దానంతట దాన్నే పోనిచ్చి, పంపులకు కాసేపు విశ్రాంతి ఇస్తారు. మిగతా వేళంతా మోతే. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఊళ్లో అందరి చెవుల్లోనూ పూసలుంటాయి. పూస చెవిని పూర్తిగా మూసి, మోతను ఆపి, మనిషి మాటను మాత్రం శుభ్రం చేసి లోపలికి పంపుతుంది. అందరికీ చెవిలో వినిపించేదే నాకు అద్దంలో కనిపిస్తుంది. ఆ లెక్క మీదే మాటగదుల బోర్డు వాళ్లు ఎన్నో తర్జనభర్జనలు పడి నాకు సీటిచ్చారు. అద్దం లేకుండా పేషెంటు ముందు కూర్చోకూడదని షరతు.

ఈరోజు సూరన్న గారు వచ్చారు. తూము మేస్త్రీ. ఆయన నోటి మాట మీదే గేట్లు లేస్తాయి, దిగుతాయి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఇప్పుడు నడుస్తున్నారు. మళ్లీ పనిలో చేరాలంటే మాటగది సంతకం కావాలి. పౌర్ణమి పోటుకు ఆయన తప్పకుండా కావాలని తూముల ఆఫీసు తొందరపెడుతోంది.

బొమ్మల కార్డులు చూపించాను. ఒకటో రెండో తప్ప అన్నీ సరిగ్గా చెప్పారు. అంతా చెప్పాక ఎడమ చేత్తో కార్డులన్నీ కింద పారేశారు.

ఆయన భార్య అప్పలనరసమ్మ ఒక్కొక్కటే ఏరుతూ, "మాటకేటీ లోటు లేదమ్మా. బుద్దే మారిపోయింది. అయినదానికీ కానిదానికీ కోపమే" అంది.

మార్కులు బాగా వేశాను. కోపం గురించి కింద చిన్నగా రాశాను.

2. పంచమి

బల్ల తుడిచి, కార్డులు మళ్లీ పేర్చాను. ఒక కార్డు మీద పడవ బొమ్మ ఉంది. సూరన్న గారు చూసి ఏదో అన్నారు. అద్దంలో 'పడవ' అని పడింది.

ఆయన పెదవులు మాత్రం కలవలేదు.

అద్దం చేతికి రాకముందు నేను బడిలో పెదవులు చూసే చదువుకున్నాను. 'ప' అనాలంటే పెదవులు మూసి తెరవాలి. 'బ' కైనా 'మ' కైనా అంతే. ఎవరికీ తప్పదు. ఒకవేళ పక్షవాతం వల్ల మూతి మూతపడటం లేదేమోనని గొట్టంతో నీళ్లు తాగమన్నాను. చుక్క కారకుండా తాగారు.

చేప చూపించాను. అద్దంలో 'చేప'. ఆయన పెదవులు కొంచెం తెరుచుకుని, ముందుకు గుండ్రంగా వచ్చి ఆగాయి. పడవకూ అదే కదలిక, గంపకూ అదే. అద్దం మాత్రం ప్రతిసారీ సరైన మాటే రాసింది.

"ఇంక పనిలోకెల్లిపోవచ్చేటమ్మా?" అని అప్పలనరసమ్మ అడిగింది. ఇంకో రెండుసార్లు చూడాలని చెప్పాను. సూరన్న గారు నా ముఖంలోకి అదే పనిగా చూస్తున్నారు. ఈరోజు కార్డులు పారెయ్యలేదు.

3. సప్తమి

గదిలో ఎవరూ లేని సమయం చూసి, నా అద్దం తీసి బల్ల మీద నా వైపు తిప్పి నిలబెట్టాను. దానితో, "కొబ్బరికాయ మెల్లగా గొడుగు తాగింది" అన్నాను.

'కొబ్బరికాయ మెల్లగా కొట్టి తాగాలి' అని చూపించింది.

నోటికొచ్చినట్టు, "అట్ట అట్ట అట్ట" అన్నాను. ఎదురుగా ట్రే ఉంది. 'అది అక్కడ పెట్టండి' అని రాసింది.

ఇన్నాళ్లూ నేను దాన్ని నమ్మడానికి ఒక కారణం ఉంది. ఎవరి యాసనైనా అది ఉన్నదున్నట్టు చూపిస్తుంది, ఎవరి గొంతూ పోగొట్టదు. కానీ మాట విరిగినప్పుడు ఎదుట ఉన్న వస్తువునీ, అంతకుముందు జరిగినదాన్నీ చూసుకుని, ఆ మనిషి ఏమని ఉంటాడో ఊహించి నింపుతోంది. పంపుల మోతలో పోయిన అక్షరాలు పూడ్చడానికే దాన్ని అలా తయారు చేసి ఉంటారు. రోడ్డు మీద మాట్లాడుకునేవాళ్లకు అది మేలే. విరిగిన మాటను బాగుచేయాల్సిన నాకు మాత్రం విరిగిన చోటే కనపడకుండా చేసింది.

పూసల్లో ఉన్నదీ ఇదే యంత్రం. అంటే ఇంట్లో ఆయన భార్యకు వినిపించేదీ ఇదే.

అద్దం చెప్పింది తప్పని నాకు అనుమానం ఉంది గానీ, ఆయన నిజంగా ఏమంటున్నారో నాకు తెలియదు. అది చెవితో వినేవాళ్లే చెప్పాలి. అదీ పంపులు ఆగినప్పుడే. సప్తమి, అష్టమి రోజుల్లో ఆటు పెద్దగా దిగదు, పంపులు ఆగవు. అంతవరకూ నేను ఆగాలి.

4. దశమి

నేల వణకడం ఆగింది. పంపులు ఆగడం నాకు పాదాల్లోనే తెలుస్తుంది.

"నరసమ్మ గారూ, మీ చెవుల్లో పూసలు ఒకసారి తీస్తారా?" అన్నాను.

"పూసలా? ఎందుకమ్మా? తానానికి తప్ప నానెప్పుడూ తియ్యలేదే."

తీసి కొంగున ముడి వేసుకుంది. "ఇప్పుడు చెప్పండి, నా మాట వినపడుతోందా?" అని అడిగాను.

ఆమె నా వంక చూసి ఉలిక్కిపడింది. "ఇది నీ గొంతేనా అమ్మా?"

"నాదే. ఎలా ఉంది?"

చెప్పాలా వద్దా అన్నట్టు తటపటాయించింది. "ముక్కులోంచి వత్తన్నట్టుంది. మాట సివర్లు తెగిపోతన్నాయి." మళ్లీ తనే, "పరవాలేదులే, తెలుత్తంది" అంది.

నా చెంపలు వేడెక్కాయి. నా మాటనూ అందరికీ పూసలే దిద్ది వినిపిస్తున్నాయన్న సంగతి, నేను చేసిన పరీక్షతోనే నాకు తట్టాల్సింది. తట్టలేదు. పెద్దయ్యాక ఈ ఊళ్లో నా అసలు గొంతు విన్న మొదటి మనిషి ఆమే అయుండాలి. తర్వాత పడవ కార్డు తీసి సూరన్న గారి ముందు పెట్టాను.

ఆయన చెప్పారు. అప్పలనరసమ్మ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది.

"ఏమన్నారు?"

"గట్టు అన్నాడు."

చేప పెట్టాను.

"సేపకీ గట్టే అంటన్నాడమ్మా." ఆమె ఆయన ముందుకు వంగింది. "ఏవయ్యా, నానెవుల్ని? నా పేరేటి?"

ఆయన పెదవులు కొంచెం తెరుచుకుని, గుండ్రంగా ముందుకొచ్చాయి. ఆమె నా వైపు తిరగలేదు. నేను అడగాల్సిన అవసరమూ లేకపోయింది.

"మరి ఇన్నాళ్లూ నాతో మాటాడింది ఎవులు?" అంది.

సూరన్న గారు ఆమె చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నారు. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, కానీ ముఖంలో కోపం లేదు. నోట్లోంచి వచ్చేది తప్పని ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఎదుటివాళ్లంతా అర్థమైనట్టు తల ఊపుతుంటే, తాను అనని మాటలకు జవాబులిస్తుంటే, ఆ మనిషి కార్డులు పారెయ్యక ఏం చేస్తాడు?

5. ఏకాదశి

హైమవతి మేడం ఆటు వేళ వచ్చి, పూసలు తీసి సూరన్న గారి మాట విన్నారు. ఆయన్ని పంపించేశాక పాత రిజిస్టరు తీసి పేర్లు ఒక్కొక్కటే చూశారు.

"ఎంతమందికి నయమైందని ఇంటికి పంపానో తబితా" అన్నారు చివరికి. "అందర్నీ మళ్లీ పిలవాలి."

"పిలుద్దాం మేడం."

"పిలుద్దాం. నేనైతే రేపటి నుంచి ఆటు వేళ పూసలు తీసి పని చేసుకుంటాను. నా గొడవ కాదు. నీ సంగతి చెప్పు. అద్దం లేకుండా నిన్ను పేషెంటు ముందు కూర్చోనివ్వరు. అద్దంతో కూర్చుంటే నువ్వు చేసేది థెరపీ కాదు. ఈ రిపోర్టు బోర్డుకు వెళ్తే ముందు ఆగేది నీ లైసెన్సే."

నాకూ ఆ ఆలోచన లేకపోలేదు. జ్వరం తర్వాత నా మాట రోజురోజుకీ పోతుంటే, ఇదే మాటగదిలో ఒకావిడ నా అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుని ప్రతి అక్షరం మళ్లీ పలికించింది. ఆవిడ ముఖం సరిగ్గా గుర్తులేదు. ఆ గొంతు అదురు మాత్రం నా చేతిలో ఇంకా ఉంది. ఆ పని చేయాలన్నదే నాకున్న కోరిక.

"రిపోర్టు నేను రాయనా?" అని మేడం అడిగారు. "నా పేరుతో వెళ్తే నీ మీద అంతగా పడదేమో."

"నా పేషెంటు మేడం. నేనే రాస్తాను."

రాశాను. మధ్యాహ్నం భోజనం సయించలేదు. సాయంత్రం మాత్రం బాగా తిన్నాను.

6. త్రయోదశి

తూముల ఆఫీసు నుంచి మళ్లీ కబురు: 'పౌర్ణమికి సూరన్న కావాలి. సంతకం చేసి పంపండి.'

ఆయన్ని అడగకుండా నేను జవాబు చెప్పదలుచుకోలేదు. "మళ్లీ పనిలోకి వెళ్తారా?" అన్నాను. అద్దంలో 'వెళ్తాను, నాకు బాగైంది' అని వచ్చింది. సూరన్న గారు తల అడ్డంగా ఊపారు. అద్దాన్ని నమ్మలేను. తల ఊపడం కూడా పక్షవాతంలో ఒక్కోసారి తారుమారు అవుతుంది. అందుకని రెండు బొమ్మలు గీసి ముందు పెట్టాను. ఒకదాంట్లో గేటు చక్రం, ఇంకోదాంట్లో మా మాటగది బల్ల.

ఆయన ఎడమ చెయ్యి నేరుగా చక్రం మీదికే వెళ్లింది. వేలితో దాని చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిప్పారు. తర్వాత ఆ కాగితాన్ని పక్కకు జరిపి, రెండోదాని మీద అరచెయ్యి ఆనించారు.

"తన మాట తప్పయితే కిందనున్న సేలన్నీ పోతాయని ఆయనకి తెలుసమ్మా" అంది అప్పలనరసమ్మ. "అందుకే వద్దంటన్నాడు."

ఆయన అంతటితో ఆగలేదు. నా ముఖం వైపు చూపించి, కళ్ల దగ్గర నుంచి ఏదో తీసి పడేస్తున్నట్టు సైగ చేశారు. అద్దం తియ్యమంటున్నారు. షరతు గుర్తొచ్చింది. నేను వెనకాడుతుంటే ఆయన ఓపిగ్గా చూస్తూ కూర్చున్నారు.

తీసేశాను. ఆయన అరచెయ్యి నా గొంతు మీద పెట్టుకుని, 'మ' అని పలికాను. 'మ' నాకు కనపడే అక్షరం. పెదవులు కలిశాయా లేదా అన్నదానికి నాకు చెవి అక్కర్లేదు. ఆయన మూతి వంకర తిరిగింది, ముడుచుకుంది, గుండ్రమైంది. ఎన్నోసారికో తెలియదు, పెదవులు రెండూ వచ్చి కలిశాయి. నా చెయ్యి ఆయన గొంతు మీద ఉంది. అదిరింది. పంపులు ఆగిన వేళే కాబట్టి పూసలు తీసి కూర్చున్న అప్పలనరసమ్మ వంక చూశాను. ఔనన్నట్టు గట్టిగా తల ఊపింది.

తూముల ఆఫీసుకు 'ఇంకా కాలేదు' అని రాసి పంపాను. నేను అద్దం తీసిన సంగతి బోర్డుకూ రాశాను.

7. పౌర్ణమి

పోటు పెద్దగానే వచ్చింది. వేరే మేస్త్రీ గేట్లు చూసుకున్నాడు. చేలకేమీ కాలేదు. సూరన్న గారు గోడ నెత్తిన కూర్చుని ఎవరి పలకరింపుకూ బదులివ్వకుండా నీళ్ల వంకే చూశారట.

బోర్డు నుంచి జవాబు వచ్చింది. ఎల్లుండి ఆటు వేళ వాళ్లే వచ్చి నన్ను పరీక్షిస్తారు. అంతవరకూ నేను పేషెంట్లను చూడకూడదు.

మళ్లీ రమ్మని పిలిచినవాళ్లలో ఒకాయన మాటగది గుమ్మంలోనే, "వినపడని మనిషా ఇన్నాళ్లూ మా నాన్నకి మాట నేర్పింది?" అన్నాడు. అద్దం అది చక్కగా, తప్పు లేకుండా చూపించింది. ఆయన్ని హైమవతి మేడం లోపలికి తీసుకెళ్లారు. నేను మా ఇంటికొచ్చి, ఉతకాల్సిన అవసరం లేని దుప్పట్లన్నీ ఉతికాను.

8. బహుళ విదియ

పంపులు ఆగాయి. బోర్డు అధ్యక్షుడు విశ్వపతి గారూ, ఇంకో ఇద్దరూ పూసలు తీసి బల్ల మీద పెట్టారు. నేను అద్దం తీసి వాటి పక్కనే పెట్టాను. నోరు తెరవాలంటే భయం వేసింది. నా గొంతు ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలుసు.

"నా మాట ముక్కులోంచి వస్తుంది, చివర్లు తెగుతాయి" అని ముందే చెప్పాను. "తెలియకపోతే మళ్లీ అడగండి. నేనూ అడుగుతాను."

విశ్వపతి గారు ఏదో అడిగారు. తెలియలేదు. మళ్లీ అడిగారు. అయినా తెలియలేదు. హైమవతి మేడం అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"క్షమించండి సార్. మీ మీసాల వల్ల పెదవులు కనపడటం లేదు."

పక్కనున్న ఇద్దరూ తలలు దించుకున్నారు. విశ్వపతి గారు ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత రెండు వేళ్లతో మీసం పైకెత్తి పట్టుకుని నిదానంగా అడిగారు: "మీకు కనపడని అక్షరం పేషెంటు తప్పు పలికితే ఏం చేస్తారు?"

"క, గ, హ లాంటివి నాకు కనపడవు. కనపడలేదని అక్కడే చెప్తాను. పక్కన కూర్చున్నవాళ్లు విని చెప్తారు. వాళ్లకూ తెలియకపోతే పేషెంటునే ఇంకోసారి అనమంటాను."

"అన్నిసార్లు అడిగితే వాళ్లకు విసుగు రాదా?"

"వస్తుంది సార్. అర్థం కాకుండానే తల ఊపితే వచ్చే కోపం కన్నా అది చిన్నది."

సూరన్న గారినీ భార్యనూ పిలిచి బోర్డు వాళ్ల ముందే పాఠం చెప్పాను. ఆయన 'మామ' అన్నారు, 'బాబు' అన్నారు. 'కట్టు' దగ్గర మళ్లీ గట్టులోకి జారిపోయారు. అది నాకు తెలియలేదు, అప్పలనరసమ్మ చెప్పింది. తెలియలేదని నేను పైకే అన్నాను.

సాయంత్రానికి నిర్ణయం వచ్చింది. ఇకపై అన్ని మాటగదుల్లోనూ ఆటు వేళే, పూసలు లేకుండానే పని చేయాలి. నాకు లైసెన్సు ఇస్తారు, కానీ వినపడే మనిషి ఒకరు పక్కన ఉంటేనే. ఒంటరిగా పేషెంటును చూసే అనుమతి లేదు.

సంతోషించాలో లేదో తెలియలేదు. నాకు అద్దమూ, మిగతావాళ్లకు పూసా ఇన్నేళ్లూ ఒకేలా అబద్ధం చెప్పాయి. అయినా కాపలా నాకొక్కదానికే. ఆ మాటే మేడంతో అన్నాను.

"సగమే ఇచ్చారు" అని ఆవిడ ఒప్పుకున్నారు.

"మిగతా సగం?"

"వచ్చే ఏడు మళ్లీ అడుగుదువు గాని. అడగడంలో నీకు సిగ్గు లేదని ఇవాళ చూశాగా."

ఇద్దరం నవ్వుకున్నాం.

9. అమావాస్య దాటిన తదియ

ఇప్పుడు ఆటు వేళ మాటగది బయట బెంచీ నిండిపోతోంది. నా పక్కన కూర్చోవడానికి ప్రతి పేషెంటు ఇంటి నుంచీ ఒకరు వస్తున్నారు. ఎలా వినాలో, విన్నది విన్నట్టు ఎలా చెప్పాలో ముందు వాళ్లకు నేర్పాల్సి వస్తోంది. చాలామంది మంచి మనసుతో దిద్ది చెప్తారు. దిద్దొద్దని బతిమాలుతున్నాను.

సూరన్న గారికి తూముల ఆఫీసులో గేట్ల సామాను చూసుకునే పని ఇచ్చారు. అక్కడ మాటతో అవసరం తక్కువ. ఆయనకు అది నచ్చినట్టు లేదు. రోజూ మాటగదికి మాత్రం అందరికన్నా ముందే వస్తున్నారు.

ఈరోజు పాఠం ఆలస్యమైంది. అప్పలనరసమ్మ తెచ్చిన జావ గిన్నె తెరిచి, ఆయనకు అక్కడే తాగించడం మొదలుపెట్టింది. నేను కార్డులు సర్దుతున్నాను. అద్దం లేదు, పంపులు ఆగి ఉన్నాయి. రెండో చెంచాకు ఆయన మొహం తిప్పుకుని ఏదో అన్నారు. పెదవులు గుండ్రంగా ముందుకొచ్చాయి. మళ్లీ గట్టే అనుకున్నాను. అంతలో రెండూ గట్టిగా మూసుకుని, విడివడి, మళ్లీ గుండ్రమయ్యాయి.

నాకు కనపడింది. అయినా ఆమె నోటి నుంచి వినాలని ఆగాను. అప్పలనరసమ్మ చెంచా అలాగే గాల్లో పట్టుకుని నా వైపు తిరిగింది.

"ఉప్పంటన్నాడమ్మా!" ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పలేను. "జావలో ఉప్పు లేదంటన్నాడు! ఇన్నాల్లూ తాగినోడు ఒక్కనాడైనా అన్నాడు కాదు!"

సూరన్న గారు విసుగ్గా గిన్నె వైపు చూపించి మళ్లీ అన్నారు. ఈసారి ఇంకా స్పష్టంగా.

నేను ఆ చెంచా అందుకుని ఒక గుక్క తాగి చూశాను. నిజమే. ఉప్పు లేదు.